నల్లపెట్ట పొదిగిన గుడ్లు

ఈకలకొండ మీద సూర్యుడి కంటే ముందు రంగులు మేలుకుంటాయి.

ఉప్పుకయ్యల నడుమ ఒంటరిగా నిలిచిన ఆ కొండకు అడుగు నుంచి కొమ్ము దాకా మెట్లు. మెట్టు మెట్టుకూ గంధపు చెక్కతో కట్టిన కోళ్ల గూళ్లు. తొలి వెలుగు తగలగానే కింది వరుసలో రాగివన్నె పుంజులు మెడలు సాచేవి. వాటి పైన, వెన్న కాచినప్పుడు గిన్నె అడుగున మిగిలే గసి రంగువి. ఆ పైన నానిన మెంతుల రంగువి, పాత చింతపండు రంగువి, తేనెలో పసుపు కలిపినట్టుండేవి. ఒక వరుసలో పెట్టల ఒళ్లంతా చేప పొలుసుల్లాంటి ఈకలు, ప్రతి ఈకకూ నల్లటి అంచు, ఒక్క అంచూ చెదరదు. మరో వరుసలో పుంజుల తోకలు మూరల కొద్దీ పెరిగి మెట్ల మీద నుంచి సెలయేళ్లలా జారేవి. వాటిని దువ్వడానికే పనివాళ్లుండేవారు. కొండ కొమ్మున వెండి చువ్వల గదుల్లో పొగవన్నె కోళ్లు. వానాకాలంలో తడికట్టెలు విడిచే పొగ రంగు అది. నలుపు కాదు, నీలం కాదు, బూడిద కూడా కాదు. వాటిని చూసినవాళ్లు చేతిలోని పని మరిచి నిలబడిపోయేవారు.

శరభుడు నిలబడలేదు. మేత గంప భుజం మార్చుకుని వాటి ముందు నుంచి నడిచి వెళ్లిపోయాడు.

అతను వేణుకోట యువరాజు. ఈ కొండ మీద మాత్రం గూళ్లు శుభ్రం చేసే సింగన్న. చెల్లెలు కువలయను వర్ణభట్టు అనే మాంత్రికుడు ఎత్తుకుపోయి కోడిపెట్టగా మార్చాడని విని, జుట్టు గొరిగించుకుని, ముతక పంచె మోకాళ్ల పైకి కట్టి వచ్చాడు. కొండ వాకిట రాతి గుడ్లగూబ ఒకటి కాపలా ఉంటుంది. లోపలికి పోయేవాడు తనదైనది ఏదో ఒకటి దానికి ఇవ్వాలి. కత్తి ఇస్తానన్నాడు, ఉంగరం ఇస్తానన్నాడు. గుడ్లగూబ రాతి కళ్లు తిప్పి, "నీ స్పర్శ ఇవ్వు" అంది. ఇచ్చాడు. ఆ క్షణం నుంచి అతని చర్మానికి వేడి తెలియదు, చలి తెలియదు, ముల్లు తెలియదు. సంతోషమూ దుఃఖమూ కూడా దాని వెంటే వెళ్లిపోయాయని తర్వాత అర్థమైంది. అర్థమైనప్పుడు బాధ కలగలేదు. బాధ కూడా ఆ గుడ్లగూబ దగ్గరే ఉండిపోయింది.

కువలయ కొండ నడిమి వరుసలో ఉంది. లేత మొగలిరేకు రంగు పెట్ట. గింజలు వేసినప్పుడు మిగతా కోళ్లలా గీరి తినదు. ఒక్కొక్క గింజే ఏరి, పొట్టు పక్కకు నెట్టి తింటుంది. చిన్నప్పుడు అన్నంలో కరివేపాకు ఏరిపెట్టినట్టే. అలాగే ఆమెను గుర్తుపట్టాడు.

ఆమె మెడ మీద ఇప్పుడు వేలెడు మేర బోడిగా కనిపిస్తోంది.

అదే గడువు. మంత్రంతో కోళ్లయినవాళ్లు తొలిసారి ఈకలు రాల్చేదాకానే లోపల మనుషులు. పాత ఈకలన్నీ రాలి కొత్తవి మొలిస్తే ఒళ్లూ కోడిదే, మనసూ కోడిదే. ఇక ఏ మంత్రమూ వెనక్కి తేలేదు. ఈకలు రాలడం మెడ దగ్గర మొదలై వీపుకు, రెక్కలకు, తోకకు పాకుతుంది. ఆ కొండ మీద ఈకలు రాలే కాలం వచ్చేసింది.

ఆమెను విడిపించే దారి ఒక్కటే, వర్ణభట్టు చాటించిన పందెం. ఒక గూటిలో ఉన్న ప్రతి గుడ్డులోంచీ పొగవన్నె పిల్లే దిగేలా చేసినవాడు కొండ మీద ఏ కోడిని కోరితే ఆ కోడిని తీసుకుపోవచ్చు. అది ఒకప్పుడు మనిషైతే మనిషిగానే తీసుకుపోవచ్చు. ఒక్క పిల్ల వన్నె తప్పినా, పందెం కాసినవాడు కూడా గూటిలోకే. ఒకే గూటిలో పుట్టిన పొగకోళ్ల ఈకలతో నేసిన శాలువా కప్పుకుంటే మనిషి కంటికి కనిపించడు. కనిపించకుండా వేణుకోట దాకా ఏ సింహాసనం దగ్గరికైనా నడిచి వెళ్లాలని వర్ణభట్టు ఆశ.

"పందెం కాశావంటగా" అంది గంపమ్మ.

కొండ మీద కోళ్లకు మేత పోసే పెద్దామె ఆవిడ. అసలు పేరు ఆవిడకే గుర్తులేదు. నెత్తిన గంప లేకుండా ఆవిడను ఎవరూ చూడలేదు. కాళ్ల పట్టీల్లాగా నడుము కొంగున తాళాల గుత్తి మోగుతుంటుంది.

"కాశాను."

"ఏ రంగు ఈకలు వస్తాయో నీకు? గొరిగిన తలకి రాగివన్నె బాగుంటుందిలే. సరే, చావాలనుకున్నవాడు ఆగుతాడా. పైకి రా, వెండిగదుల్లో పుంజునీ పెట్టనీ ఏరుకుందువు. మచ్చలేనివి నేను చూపిస్తా. పొగకి పొగే పుడతది."

"పుట్టడం లేదుగా."

"సగం పుడతన్నాయి."

"మిగతా సగం?"

గంపమ్మ నేల మీద ఉమ్మి, కాలితో మట్టి కప్పింది. ఆ కొండ మీద మిగతా సగం గురించి ఎవరూ మాట్లాడరు. పొగవన్నె జంట గుడ్లలోంచి కొన్ని పొగపిల్లలు దిగుతాయి. కొన్ని కాకిలా నల్లవి, మరికొన్ని సున్నం కొట్టిన గోడకు మసిచెయ్యి తుడిచినట్టు తెలుపు మీద మరకలవి. వాటిని గ్రహచారపు పిల్లలంటారు. పుట్టిన రోజే బుట్టలో వేసి, ముఖం పక్కకు తిప్పుకుని, వంటశాల వెనక రోతదొడ్డిలో వదిలేస్తారు. అక్కడ పెరిగి పెద్దవై కూరలోకి పోతాయి. వాటి వైపు చూస్తే వెండిగదుల్లో గుడ్లు మురిగిపోతాయని నమ్మకం.

శరభుడికి నమ్మకాలు కూడా పట్టడం మానేశాయి. కోడిపెంట ఎత్తడానికి రోతదొడ్డికి వెళ్లిన రోజుల్లో అతను ముఖం తిప్పుకోలేదు. చూశాడు.

"అక్కడ ఊకకుప్ప కింద నుంచి నిన్న ఒక నల్లపెట్ట పిల్లలతో బయటికి వచ్చింది" అన్నాడు. "అన్నీ పొగవన్నెవే."

"ఎవరి గుడ్లో దొంగిలించి పొదిగింది, దొంగమొహంది."

"పొగపెట్టలన్నీ వెండిగదుల్లో ఉన్నాయి. తాళాలు నీ కొంగునే ఉన్నాయి."

గంపమ్మ చెయ్యి తెలియకుండానే తాళాల మీదికి పోయింది.

"ఆ దొడ్డిలో పుంజు ఒక్కటే" అన్నాడు శరభుడు. "మరకల తెలుపుది. పక్కనే ఇంకో నల్లపెట్ట గుడ్లు పెట్టడం అయిపోయి, ఒళ్లు ఉబ్బించి కూర్చుంది. దగ్గరికి పోతే బుస కొడుతోంది. ఆ గుడ్లతోనే పందెం."

"ఓరి నా తండ్రీ" అంది గంపమ్మ మెల్లిగా. "మసికీ సున్నానికీ పెళ్లి చేసి పొగ పుట్టిస్తానంటావు. మా అమ్మ, మా అమ్మమ్మ, వాళ్ల అమ్మ, అందరూ పొగకి పొగనే కట్టారు. నీకు భయం వెయ్యడంలేదా?"

"లేదు."

గంపమ్మ గుడ్లు మోయడానికి తన నెత్తి మీది గంప దించి ఇచ్చింది.

వర్ణభట్టు కొలువు నేల మీద కూడా ఈకలే పరిచి ఉంటాయి. అతను సన్నగా, శుభ్రంగా, గోళ్లు అందంగా కత్తిరించుకున్న మనిషి. పట్టుబట్టల అంగట్లో బేరం చేసేవాడిలా ఎప్పుడూ వేళ్లతో ఏదో ఒకటి తడుముతూ ఉంటాడు. ప్రతి గుడ్డు మీదా తన ఉంగరాన్ని కుంకుమలో అద్ది ముద్ర వేశాడు.

"ఏ జంటవి?"

"పిల్లలు దిగాక చెప్తాను, స్వామీ."

"చెప్పకపోతే?"

"నా ఈకలు మీవే కదా."

వర్ణభట్టు నవ్వి గంప ఇచ్చేశాడు. శరభుడు ముద్ర గుడ్లను తన గుడిసెలో ఊక పరిచి అమర్చాడు. నల్లపెట్ట వాటి మీద సర్దుకుని, ముక్కుతో ఒక్కొక్కటీ తిప్పి, ముద్రలన్నీ కిందికి పోయేలా చేసుకుని కూర్చుంది.

రోజులు నడిచాయి. నడిమి వరుసలో కువలయ మెడ పూర్తిగా బోడి అయింది, రాలడం వీపుకు పాకింది. గింజలు ఇంకా ఏరుకుంటోంది గానీ, పొట్టు పక్కకు నెట్టడం అప్పుడప్పుడు మరిచిపోతోంది.

గుడ్లలో పిల్ల కదలిక మొదలైన వారంలో, పట్టపగలు, కొండ చీలికలోంచి ఇరుతల పాము దిగింది.

దాని ఒంటికి రెండు కొసలా తలలే, తోక లేదు. ఒక తల నిద్రపోతే ఒకటి మేలుకుని ఉంటుంది. ఒంటి మీద పచ్చల వరసలు, నొసట కెంపు, మెడ కింద నురగలాంటి తెలుపు. నేల మీద పాకుతుంటే ఎవరో నగలపెట్టె తలకిందులు చేసినట్టుంటుంది. దానికి విషం లేదు గానీ, కోడిగుడ్డు వాసన రెండు ఆమడల నుంచి తెలుస్తుంది. తలుపు సందులోంచి వచ్చి గుడిసె నడుమ పైకి లేచింది. నల్లపెట్ట గొంతు చించుకుని అరుస్తూ ఎగిరి, కిటికీలోంచి బయటపడింది.

శరభుడు పాము మెడ పట్టుకున్నాడు. అది అతని ముంజేతిని కరిచింది. కరిచిందని రక్తం చూశాకే తెలిసింది. రెండో తల వెనక నుంచి వచ్చి భుజం కరిచింది. అతను దానికేసి తిరిగి చూసి, ఆ మెడ కూడా రెండో చేత్తో పట్టుకున్నాడు. కరిస్తే వదలని మనిషిని ఆ పాము మొదటిసారి చూసింది కాబోలు, రెండు తలలూ ఒక్క క్షణం ఆగాయి. అతని చేతులు రెండూ నిండిపోయాయి. కత్తి లేదు. కాలి దగ్గర ఏదో దొర్లిన చప్పుడైంది. చూశాడు. పెట్టకు గూటి మీద నమ్మకం కుదరడానికి పెట్టే రాతిగుడ్లు అవి, సానపట్టి తెల్లసున్నం పూసినవి.

మెడలు వదిలేశాడు. కాలి వేళ్లతో ఒక రాతిగుడ్డును ఇటు, ఒకదాన్ని అటు దొర్లించాడు. పాము తలలు రెండూ ఒకదాన్ని మించి ఒకటి ఆత్రపడి చెరొకటీ మింగేశాయి. గుడ్డు మింగిన పాము దాన్ని లోపలికి నెట్టుకుని పగలగొట్టాలి. రెండు కొసల నుంచీ రెండు రాళ్లు లోపలికి జరిగి, నడుమ ఒకదానికొకటి తగిలి ఆగాయి. ఇటూ పోవు, అటూ పోవు. రెండు తలలూ ఒకదాని ముఖం ఒకటి చూసుకున్నాయి. తప్పు ఎవరిదో తేల్చుకోవడానికి అవి అక్కడే పోట్లాడుకుంటుంటే, శరభుడు వాటిని ఈడ్చుకుపోయి చీలికలోకి దొర్లించి వచ్చాడు.

తిరిగి వచ్చేసరికి గూటి మీద పెట్ట లేదు. గంపమ్మ గుమ్మంలో నిలబడి ఉంది. నెత్తిన గంప ఒరిగిపోయింది.

"వంట భద్రుడు పట్టుకుపోయాడు" అంది. "నల్లకోడి బయట తిరుగుతుంటే రోతదొడ్డిది తప్పించుకుందనుకున్నాడంట. నేను పోయేసరికి వేడినీళ్లలో ముంచేశాడు. పుంజు మొన్ననే అయిపోయిందంట. మిరియాలు దంచుతా నాకు చెప్తన్నాడు, ఈ పూట స్వామికి నల్లకోడి పులుసని."

"గుడ్లు ఎంతసేపటి నుంచి ఇలా ఉన్నాయి?"

గంపమ్మ కూర్చుని ఒక గుడ్డు తీసి, మూసిన కనురెప్పకు ఆనించింది. కోళ్ల పనిలో పుట్టి పెరిగినవాళ్లు గుడ్డు వేడిని చేత్తో చూడరు. పని చేసే చెయ్యి మొద్దుబారి అబద్ధం చెప్తుంది. కనురెప్ప చెప్పదు.

"చల్లబడుతోంది. చావలేదు. వేరే పెట్టని పెడదామంటే పొదుగు మీదున్నది ఒక్కటీ లేదు. అన్నీ ఈకలు రాలుస్తన్నాయి. ఒంటికి పెట్టుకో. త్వరగా."

శరభుడు గుడ్లను పంచె మడతలో పొట్టకు కట్టుకున్నాడు. ఒక గుడ్డు తీసి, ఆవిడ చేసినట్టే కనురెప్పకు ఆనించాడు. ఏమీ తెలియలేదు. అది గుడ్డో, గులకరాయో, గాలో అతని రెప్పకు తెలియదు.

"ఎలా ఉంది?" అంది గంపమ్మ.

"నువ్వే చూడాలి."

అప్పుడు గుడ్లగూబ సంగతి చెప్పాడు. నడిమి వరుసలో మొగలిరేకు రంగు పెట్ట ఎవరో కూడా చెప్పాడు. గంపమ్మ ఆశ్చర్యపోలేదు.

"మేత చల్లే చెయ్యి కాదని ముందే అనుకున్నా. దానం చేస్తున్నట్టు చల్లుతావు" అంది.

అక్కడి నుంచి ఆ ఇద్దరిదీ ఒకటే పని. పొట్ట వేడి చాలనప్పుడు ఆవిడ కుండలో వెచ్చటి ఊక తెచ్చి గంపలో పోసేది. గుడ్లు అందులో పెట్టి, అతను తిప్పేవాడు, ఆవిడ రెప్పతో చూసేది. "ఇంకొంచెం." "చాలు, ఎక్కువైంది, గాలి తగలనీ." "ఇప్పుడు బాగుంది, కదపకు." ఒకసారి ఆవిడ గుడ్డు చూడబోయి అతని చెయ్యి పట్టుకుంది.

"నాయనా, నీ అరచెయ్యి కాలిపోయింది."

చూశాడు. ఊక కింద నిప్పురవ్వ ఉండిపోయింది. చర్మం అప్పడంలా పొంగింది.

"గుడ్డుకు తగిలిందా?" అన్నాడు.

"లేదు."

"అయితే సరే."

గంపమ్మ ఆ చేతికి వెన్న రాసి గుడ్డ కట్టింది. కట్టేటప్పుడు గట్టిగా ముడి వేసి, అతని ముఖం చూసింది. ఆ ముఖంలో ఏమీ మారలేదు. ఆవిడే కళ్లు తుడుచుకుంది.

పిల్లలు లోపల నుంచి పెంకు గీకుతున్న చప్పుడు వినిపించిన రోజు, మధ్యాహ్నం, ఉప్పుకయ్యల మీద నుంచి చలిగాలి లేచింది. గుడిసెలో ఊక అయిపోయింది. ఈ పూట చల్లబడితే పిల్ల పెంకులోనే చస్తుందని గంపమ్మ కుండ తీసుకుని వంటశాలకు పరుగెత్తింది. భద్రుడు నిప్పు ఇవ్వనన్నాడు. ఆవిడ ఊరుకునే మనిషి కాదు. నల్లకోడి దగ్గర మొదలుపెట్టి అతని ఏడు తరాల వంటలనూ ఎత్తి పొడిచింది. పక్క గదిలో వర్ణభట్టు భోజనం చేస్తున్నాడు. చెయ్యి కడుక్కోకుండానే లేచి వచ్చాడు.

"ఎప్పుడు చూడు కోడిలా అరుస్తావు" అన్నాడు. "కోడివే అయిపో."

ఇదంతా శరభుడికి తర్వాత తెలిసింది. అతను చూసింది ఇంతే. గుమ్మంలోంచి ఎర్రమట్టి రంగు మీద మిరియాలు చల్లినట్టున్న పెట్ట ఒకటి కుంటుకుంటూ వచ్చింది. కొంగు తాళాలకు బదులు కాలికి ఇనుప కడియం మోగుతోంది. తిడుతున్నట్టే కొక్కొక్కమంటూ గంప ఎక్కింది. ఒక గుడ్డు మీద తల పక్కకు వాల్చి, రెప్ప ఆనించి చూసింది. తర్వాత రొమ్ము ఈకలు తన ముక్కుతోనే పీక్కుని, బోడి చర్మం గుడ్లకు తగిలేలా ఒళ్లు పరిచి కూర్చుంది.

"గంపమ్మా" అన్నాడు శరభుడు.

ఆ పెట్ట అతని కట్టు కట్టిన చేతిని ఒక్క పోటు పొడిచి, పని చూసుకోమన్నట్టు తల తిప్పుకుంది.

సాయంత్రం ఎండ ఉండగానే మొదటి పెంకు పగిలింది. తడి ఆరి నూగు విచ్చుకునేసరికి రంగు తేలింది. పొగ. రెండోది పొగ. ఆ తర్వాత దిగినవన్నీ పొగ. ఆఖరి గుడ్డు చాలాసేపు కదల్లేదు. పెట్ట దాన్ని ముక్కుతో తడుతూనే ఉంది. చివరికి అది కూడా పగిలి, అరచేతిలో చిన్న పొగ ముద్దలా నిలబడింది. అది అతని వేళ్లను పొడుస్తోంది. పొడవడం అతనికి కనిపిస్తోంది.

గంపను అలాగే ఎత్తి కొలువుకు తీసుకుపోయాడు. వర్ణభట్టు పిల్లలను ఒక్కొక్కటిగా వెలుగులో తిప్పి చూశాడు. పెంకుల మీద ముద్రలు చూశాడు.

"కోరుకో" అన్నాడు.

శరభుడు గంపలోని పెట్ట వైపు చూశాడు. కోరిక ఒక్కటే. పెట్ట అతని వైపు చూడకుండా ఒక పిల్ల వీపు సవరిస్తోంది.

"నడిమి వరుసలో మొగలిరేకు రంగుది" అన్నాడు.

వర్ణభట్టు దుష్టుడే గానీ మాట తప్పితే అతని మంత్రాలన్నీ తప్పుతాయి. పెట్టను తెప్పించి, నొసట ఊదాడు. వీపంతా బోడి అయిపోయిన ఆ కోడి పొడవు సాగి, వంగి, లేచి, చిరిగిన మొగలిరేకు రంగు పట్టుచీరలో కువలయ అయి నిలబడింది. ఒక్క అడుగులో వచ్చి అన్నను వాటేసుకుంది. ఆమె చేతులు తన వీపు మీద ఉన్నాయని అతను ఎదుటి అద్దంలో చూశాడు. తన చేతులు కూడా ఎత్తి ఆమె చుట్టూ వేశాడు. అలా వెయ్యాలని గుర్తుంది.

కువలయ తల ఎత్తి అతని ముఖం చూసింది.

"ఇక చెప్పు" అన్నాడు వర్ణభట్టు. "ఏ జంట?"

"పుంజుని మొన్నామధ్య తిన్నారు, స్వామీ. పెట్ట ఆ వెనకే మీ విస్తట్లోకి వచ్చింది. పులుసు బాగుందా?"

వర్ణభట్టు ముఖం అతని కోళ్లన్నిటి రంగులూ ఒకదాని తర్వాత ఒకటి తిరిగింది. అవి ఎలాంటి కోళ్లో చెప్పమని అరిచాడు. శరభుడు అప్పటికే గంపలోని పెట్టను చంకలో పెట్టుకుని, చెల్లెలి చెయ్యి పట్టుకుని మెట్లు దిగుతున్నాడు. పిల్లలను వదిలేయక తప్పలేదు. అవి పెరిగి పూర్తి ఈకలు వేసేదాకా శాలువా లేదు. అంతవరకు వ్యవధి ఉంది.

పందెం ఒక్క కోడికే, రెండోదాన్ని పట్టుకుపోయేవాడిని ఆపడం మాట తప్పడం కాదు. వెనక నుంచి పొడుగుతోకల పుంజులన్నీ ఒక్కసారిగా గూళ్లు తెంచుకుని లేచాయి. తోకలు గాలిలో కొరడాల్లా ఆడాయి. ఒక తోక కువలయ జడకు చుట్టుకుంది. శరభుడు దాన్ని పళ్లతో తెంపాడు. రాగిపుంజులు కాళ్ల మీద పడి కాలిముళ్లతో చీరాయి. అతను ఆగలేదు, ఎక్కడ తెగిందో చూసుకోలేదు. వాకిలి చేరారు.

రాతి గుడ్లగూబ కళ్లు తిప్పింది.

"ఊరికే పోయేవాడిని ఆపను" అంది. "ఇచ్చింది తిరిగి కావాలంటే మాత్రం, చేతిలో ఉన్నది పెట్టు."

అతని చేతిలో ఉన్నది ఎర్రమట్టి రంగు పెట్ట.

"వెనక్కి తీసుకో అన్నా" అంది కువలయ. "నువ్వు ఇందాక నన్ను చూసి నవ్వలేదు. గోడ చూసినట్టు చూశావు. ఇలా అమ్మ దగ్గరికి ఎలా తీసుకెళ్లను?"

పెట్ట అతని చంకలోంచి జారి కిందికి దూకింది. కుంటుతూ నడిచి గుడ్లగూబ పీట దగ్గరికి పోయి, దాని ముందు రెక్కలు ముడుచుకుని కూర్చుంది. కాలి కడియం ఒకసారి మోగింది.

మేత పోసే పెద్దామె తాళాల మోత అది, కువలయ గుర్తుపట్టింది.

శరభుడు వంగి పెట్టను ఎత్తాడు. ఎత్తినప్పుడు ఒక ఈక అతని కట్టు మీద పడింది. రొమ్ము ఈకలు ఆవిడే పీక్కుంది, అవి పొట్టిగా, నలిగి ఉంటాయి. ఇది అలాంటిది కాదు. పొడుగ్గా, కొస సన్నగా, చెక్కుచెదరకుండా ఉంది. మెడది. ఎవరూ పీకకుండా రాలింది.

కువలయ కూడా చూసింది. "రాలడం ఆగే చోటు ఒకటుంది" అంది నెమ్మదిగా. "గూట్లో ఉన్నప్పుడు విన్నాను. వర్ణభట్టు దానికి భయపడతాడు. ఉప్పుకయ్యలకు ఆవల, ఋతువులు మారని దీవి. అక్కడ ఆకు రాలదు, ఈక రాలదు. మంత్రం కూడా అక్కడే విప్పుతారంట."

"నా స్పర్శ నీ దగ్గరే ఉండనీ" అన్నాడు శరభుడు గుడ్లగూబతో.

తలుపు తెరుచుకుంది. ఎదురుగా ఉప్పుకయ్యలు, కనుచూపు మేర తెల్లటి నీళ్లు. అతను వచ్చినప్పుడు పాదం తడిసేంత లోతు. ఇప్పుడు కూడా అంతే అనుకుని దిగి, పది బారలు నడిచి, చెల్లెలి కోసం వెనక్కి తిరిగాడు.

కువలయ గట్టు మీదే నిలిచిపోయింది. ఆమె చూపు అతని మోకాళ్ల మీద ఉంది.

"అన్నా, నీళ్లు మరుగుతున్నాయి" అంది.

కిందికి చూశాడు. చుట్టూ బుడగలు లేస్తున్నాయి. కొండ కొమ్మున వర్ణభట్టు రెండు చేతులూ చాచి నిలబడ్డాడు. ఆవిరిని చీల్చుకుంటూ వెనక పుంజుల గుంపు దిగి వస్తోంది.

శరభుడు గట్టుకు తిరిగి వచ్చాడు. చెల్లెల్ని భుజాల మీద కూర్చోబెట్టుకున్నాడు. పెట్టను ఆమె ఒడిలో పెట్టాడు. మళ్లీ నీళ్లలోకి దిగాడు.

"వద్దన్నా. నీ కాళ్లు..."

"అవతలి గట్టు కనిపిస్తే చెప్పు."

ఆమె అతని తల రెండు చేతులతో పట్టుకుని, ఆవిరిలోకి కళ్లు చిట్లించి చూడసాగింది. పెట్ట మెడ సాచి, అతని నుదుటికి తన రెప్ప ఆనించి, అలాగే ఉంచింది. ఇంకో మెడ ఈక జారి నీళ్ల మీద పడి, ముడుచుకుని, మునిగిపోయింది.

అతను దాన్ని చూశాడు. నడక వేగం పెంచాడు.